పొగగొట్టం ఊడితే ఓడ ఎందుకు చచ్చిపోతుంది? రిచర్డ్ హ్యూస్ ‘ఇన్ హజార్డ్’

[తెర మీద: 1932 నవంబరు, కరీబియన్ సముద్రం]

తుఫానులో చిక్కిన ఆవిరి ఓడ కథ, రిచర్డ్ హ్యూస్ నవల ‘ఇన్ హజార్డ్’. దాన్ని ఎవరు పరిచయం చేసినా కొండంత కెరటాలు, గుండె నిబ్బరం గల కెప్టెన్ అంటూ మొదలెడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ నవలలో ఓడ ప్రాణం మీదకు తెచ్చింది కెరటం కాదు, ఊడిపోయిన పొగగొట్టం!

తుఫాను గురించి మన కోస్తావాళ్లకు చెప్పక్కర్లేదు. నేరుగా ఓడెక్కుదాం.

కట్టెల పొయ్యికి గొట్టం ఎందుకు? పొగ పోవడానికి అంటే సగం జవాబే. వేడిగాలి గొట్టంలోంచి పైకి పోతుంటే, కింద నుంచి చల్లగాలి నిప్పుమీదకు ఈడ్చుకొస్తుంది. గొట్టం ఎత్తు పెరిగేకొద్దీ లాగుడు ఎక్కువ. అది తీసేస్తే మంట పొయ్యి నోట్లోంచి మన మొహం మీదకే కొడుతుంది.

నీళ్లు కాచి ఆవిరి పుట్టించే ఓడ బాయిలర్ కూడా ఆ పొయ్యే. గొట్టం పోతే మంట వెనక్కి తన్నుతుంది, ఆవిరి పడిపోతుంది. దాంతో ఓడను నడిపే టర్బైన్, పంపులు, కరెంటు పుట్టించే డైనమో, చుక్కాని తిప్పే యంత్రం వరసగా ఆగిపోతాయి. గాలికి ఎదురు నిలవలేక ఓడ అడ్డం తిరుగుతుంది. కెరటాలు సరుకు గదుల మీదుండే హ్యాచ్ మూతల మీద విరుచుకుపడేది అప్పుడు. చూశారా, కెరటం వంతు ఆఖర్న వచ్చింది.

మరి ఉక్కుతాళ్లతో బిగించిన గొట్టం ఎలా ఊడింది? గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. గంటకు 75 మైళ్ల గాలిని లెక్కేసి బిగించిన తాళ్లు 150 మైళ్ల దగ్గర నాలుగింతల లాగుడు భరించాలి.

ఇదంతా నిజంగా జరిగిందే. బ్లూ ఫన్నెల్ కంపెనీ ఓడ ‘ఫీమియస్’ 1932 క్యూబా హరికేన్ (తుఫాను)లో చిక్కి పొగగొట్టం పోగొట్టుకుంది, రోజుల తరబడి కొట్టుకుపోయింది. దాని బారోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచేది) సుమారు 915 మిల్లీబార్లకు దిగింది; మామూలుగా అది వెయ్యి పైన ఉంటుంది. కెప్టెన్ నివేదిక హ్యూస్ చేతికొచ్చింది. ఓడకు ‘ఆర్కిమిడీస్’ అని పేరు మార్చి, 1938లో నవల తెచ్చాడు. ఇంజను గదిని అంత ఓపిగ్గా రాసిన నవలలు అరుదు.

టైమ్ లేదు, మిగతాది గబగబా చెప్పేస్తాను. హ్యూస్ 1900లో ఇంగ్లండులోనే పుట్టాడు, కానీ వంశం వేల్స్‌ది, స్థిరపడిందీ అక్కడే. వేల్స్‌లోని లార్న్ అనే ఊళ్లో కోట పక్కనే కాపురం. 1924లో బీబీసీ రేడియోకి రాసిన ‘డేంజర్’ నాటకంలో వేల్స్ బొగ్గుగనిలో దీపాలు ఆరిపోతాయి. ఇక్కడ గొట్టం, అక్కడ ముందు పోయింది దీపాలు! 1929లో ‘ఎ హై విండ్ ఇన్ జమైకా’ నవల: పిల్లలు, సముద్రపు దొంగలు. దాన్ని వచ్చే వీడియోలో విప్పుదాం.