తండ్రి రికార్డుపై కూతురి హక్కు

రఘు: నమస్కారం. పోయిన వారం చెప్పినట్టే ఈ రోజు మన దేశ ప్రజల జన్యుక్రమాలను, అంటే డీఎన్ఏలోని అక్షరాల వరుసలను, నమోదు చేసే జీనోమ్ ఇండియా గురించి మాట్లాడుకుందాం. 2020లో మొదలైన ఈ ప్రాజెక్టులో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా భాగస్వామి. ఇందులో సేకరించిన పదివేల మంది జన్యుక్రమాలు ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉన్నాయి. 2025 జనవరి నుంచి పరిశోధకులు వాటికోసం దరఖాస్తు చేసుకోవచ్చు.

శారద: పేర్లు తీసేసి సంకేత సంఖ్యలు ఇచ్చారు. ఆ సంఖ్యను తిరిగి మనిషితో కలిపే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది రఘూ?

రఘు: మీరు తాళంచెవి దగ్గరికి వస్తారని మన పాత శ్రోతలకు తెలుసు. పేరే లేనప్పుడు భయమెందుకండీ?

శారద: ఐస్‌లాండ్ చూడండి. దేశ ప్రజల వైద్య రికార్డులన్నీ ఒక్కచోట చేర్చడానికి 1998లో అక్కడ చట్టం చేశారు. వద్దని రాసివ్వని ప్రతివారూ ఒప్పుకున్నట్టే లెక్క. చనిపోయిన తన తండ్రి రికార్డులను అందులో చేర్చవద్దని ఒక కూతురు కోరితే అధికారులు నిరాకరించారు. తండ్రి రికార్డులను బట్టి కూతురి వంశపారంపర్య లక్షణాలు తెలిసిపోవచ్చు కనుక అభ్యంతరం చెప్పే హక్కు ఆమెకు సొంతంగానే ఉందని 2003లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పేరు తొలగించినంత మాత్రాన గోప్యత దక్కదని కూడా ఆ తీర్పు చెప్పింది. ఆ డేటాబేస్ ఇక రూపుదాల్చనే లేదు.

రఘు: నాకు బాధ కలిగించేది అదే. ముగ్గురు తోబుట్టువులు సరేనని నాలుగోవారు వద్దంటే, అరుదైన జబ్బుల మీద పరిశోధన ఎలా సాగుతుంది?

శారద: పరిశోధన ఆగాలని నేను అనడం లేదు. బ్రిటన్‌లో పరిశోధన కోసం ఆరోగ్య, జన్యు సమాచారం భద్రపరిచే యూకే బయోబ్యాంక్‌లో ఐదు లక్షల మంది సమాచారం ఉంది. వారి పూర్తి జన్యుక్రమాలను 2023లో విడుదల చేసినప్పుడు, పరిశోధకులు తమ కంప్యూటర్లలోకి దించుకోకుండా అక్కడి క్లౌడ్‌లోనే పనిచేసుకునే ఏర్పాటు చేశారు. తాళంచెవి మాత్రం బయోబ్యాంక్ దగ్గరే ఉంటుంది.

రఘు: అదీ సరిపోదు. ఒక మనిషి డీఎన్ఏ మన చేతిలో ఉంటే, సమూహపు సగటు లెక్కలను చూసే అతడు ఆ సమూహంలో ఉన్నాడో లేదో చెప్పవచ్చని 2008లో తేలింది. దాంతో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ అలాంటి సగటు లెక్కల పట్టికలను బహిరంగ వెబ్‌సైట్ల నుంచి తొలగించింది. అలాగని అన్నీ మూసిపెట్టుకుంటామా? మన వైశ్య కుటుంబాల్లో కొందరికి, కండరాలను సడలించే సక్సినైల్‌కోలీన్ అనే మందును ఒంట్లో విడగొట్టే ఎంజైమ్ లోపిస్తుంది. ఆపరేషన్ సమయంలో ఆ మందు ఇస్తే కండరాలు గంటల తరబడి చచ్చుబడి, ఊపిరికి వెంటిలేటర్ అవసరమవుతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు ఎంచుకోగలరు.

శారద: అది ప్రాణాలు కాపాడే సమాచారమే, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అక్కడ మనిషి పేరు లేకపోయినా కులం పేరు ఉంది కదా? రేపు పెళ్ళి సంబంధాల్లో ఎవరైనా దాన్ని వాడుకుంటే ఎవరు అడ్డుకుంటారు?

రఘు: అంటే, అనుమతులిచ్చే కమిటీలో ఆ సమూహాల మనుషులు కూర్చోవాలంటారా?

శారద: కూర్చోవడమే కాదు, వారి సంతకం లేకుండా ఆ సమాచారం ఎవరికీ ఇవ్వకూడదు.

రఘు: సంతకం దాకా అయితే నేను ఒప్పుకోలేను శారదగారూ.