బెల్‌గ్రేవ్ రోడ్డు, మొగో చిప్స్, ఒకే అట్టతో రెండు రకాల పాస్‌పోర్టులు | లెస్టర్ వ్లాగ్

నమస్తే అండి, ఇంగ్లండ్‌లోని లెస్టర్ బెల్‌గ్రేవ్ రోడ్డు నుంచి. ఈ వీధి చూపిస్తే చాలు, ఇంతమంది గుజరాతీలు ఇక్కడికెలా వచ్చారని ఊళ్ళో వాళ్ళంతా అడుగుతారు. చాలా కుటుంబాలు నేరుగా గుజరాత్ నుంచి రాలేదండి, ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్న కెన్యాలోని నైరోబీ, ఉగాండాలోని కంపాలాల నుంచి వచ్చాయి.

ముందు ఈ ప్లేటు చూడండి, మొగో చిప్స్. మన కర్రపెండలమే, ఉడికించి, వేయించి, పైన కారం, నిమ్మరసం. ఐదు పౌండ్లు. పౌండుకు 115 వేసుకుంటే 575 రూపాయలు! పెద్దాపురం రైతు వింటే మూర్ఛపోతాడు. గుజరాతీ వంటింటికి ఈ దుంప ఆఫ్రికాలోనే అలవాటైంది.

ఇక పాస్‌పోర్టు సంగతి. కామన్వెల్త్ (ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాల కూటమి) వాళ్ళు బ్రిటన్‌కు రావడానికి మొదటి గేటు 1962 చట్టం: పని చేయడానికి వస్తే వోచర్, అంటే ప్రభుత్వ అనుమతి చీటీ ఉండాలి. బ్రిటన్ ప్రభుత్వమే ఇచ్చిన బ్రిటిష్ పాస్‌పోర్టుంటే అక్కర్లేదు. కిటుకంతా ఇక్కడే. బ్రిటిష్ పాలనలో అక్కడి గవర్నర్ ఆఫీసు ఇచ్చింది లెక్కలోకి రాదు. 1963 డిసెంబరు 12న కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చాక పాస్‌పోర్టులిచ్చే పని బ్రిటిష్ హైకమిషన్‌ది (బ్రిటన్ రాయబార కార్యాలయానిది) అయింది. హైకమిషన్ ఇస్తే లండన్ ఇచ్చినట్టే. అదే మనిషి, అదే అట్ట, గేటు మాత్రం తెరుచుకుంది!

కెన్యా పౌరసత్వానికి రెండేళ్ళ గడువిచ్చారు, చాలామంది తీసుకోలేదు. 1967లో అక్కడ వర్క్ పర్మిట్లు, వ్యాపార లైసెన్సుల చట్టాలొచ్చేసరికి బ్రిటన్ విమానాలు నిండాయి. లండన్ కంగారుపడింది. హోం మంత్రి జేమ్స్ కాలహన్ తెచ్చిన బిల్లు మూడే రోజుల్లో పాసై, 1968 మార్చి 1న చట్టమైంది. మీరో, అమ్మానాన్నల్లో ఒకరో, అవ్వాతాతల్లో ఒకరో బ్రిటన్‌లో పుట్టారా అన్నది కొత్త ప్రశ్న. నైరోబీ దొరకు అలాంటి తాత ఉంటాడు, దుకాణదారుకెక్కడ? చట్టంలో రంగు మాట లేదు, చేసింది మాత్రం ఆ పనే.

అలాంటి తాత లేనివాళ్ళకు అప్పట్లో స్పెషల్ వోచర్లు ఇచ్చేవారు, మొదట్లో ఏడాదికి 1,500. కుటుంబ పెద్దకు ఒకటి, దాని మీదే భార్యాపిల్లలు. భర్త ఉన్నావిడ సొంతంగా అడిగితే కుదిరేది కాదు, ఆమె 'పెద్ద' కాదట. వోచర్ లేకుండా దిగితే వెనక్కే. అక్కడా రానివ్వకపోతే విమానాశ్రయాల మధ్య బంతాట. ఇది మనుషుల్ని కించపరచడమేనని 1973లో యూరోపియన్ మానవ హక్కుల కమిషన్ తేల్చింది.

ఉగాండా కథ వేరు. 1972 ఆగస్టులో అక్కడి నియంత ఇదీ అమీన్ ఆసియా వాళ్ళు దేశం విడిచిపోవాలని 90 రోజుల గడువు పెడితే, దాదాపు 28,000 మందిని బ్రిటన్ తీసుకుంది. లెస్టర్ కౌన్సిల్ మాత్రం ఇక్కడికి రావద్దని 'ఉగాండా ఆర్గస్' పత్రికలో ప్రకటన వేసింది. ఊరి పేరు తానే చాటింపు వేసుకున్నట్టు!

ఎవరి దగ్గరైనా 'బ్రిటిష్ ఓవర్సీస్ సిటిజన్' (బ్రిటన్‌లో ఉండే హక్కు లేని బ్రిటిష్ హోదా) అని రాసిన పాస్‌పోర్టుంటే, బ్రిటన్ 1981 జాతీయత చట్టం సెక్షన్ 4బి చూడండి. వేరే ఏ పౌరసత్వమూ లేకుండా, 2002 జూలై 4 తర్వాత దేన్నీ వదులుకోకుండా ఉంటే పూర్తి పౌరసత్వానికి రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇండియన్ పాస్‌పోర్టు కూడా ఉంటే ఈ దారి మూసినట్టే.

అయ్యో, మొగో చల్లారి గట్టిపడిపోయింది.