కలడో లేడో: మన కవుల సత్యాన్వేషణ

సభకు నమస్కారం.

సత్యాన్వేషణ అనగానే కొండగుహ, కళ్లు మూసుకున్న ముని మనసులో మెదులుతారు. బమ్మెర పోతన మాత్రం ఆ పనిని మొసలి నోట కాలు చిక్కిన ఏనుగుకు అప్పగించాడు. వెయ్యేళ్లు పెనుగులాడి, ఒళ్లు హూనమై, తన మందలోని ఏ ఏనుగూ కాపాడలేదని తేలిపోయాక గజేంద్రుడు ఆలోచన మొదలుపెడతాడు.

మొదట ‘ఎవ్వనిచే జనించు జగము’ అంటాడు. ఈ లోకం ఎవరి వల్ల పుట్టింది, ఎవరిలో ఉంది, ఎవరిలో కలిసిపోతుంది? పెద్ద ప్రశ్నలే. తీరిగ్గా కూర్చున్న పండితుడు కూడా అడగగలిగిన ప్రశ్నలు. ఆ తర్వాత వస్తుంది నన్ను చిన్నప్పటి నుంచీ వదలని పద్యం:

కలడందురు దీనుల యెడ,
కలడందురు పరమయోగి గణముల పాలన్,
కలడందురన్ని దిశలను,
కలడు కలండనెడివాడు కలడో లేడో!

మొదటి మూడు పాదాల్లోనూ ‘అందురు’ ఉంది చూడండి. ఉన్నాడంటారు, ఉన్నాడంటారు, ఉన్నాడంటారు. అంతా పెద్దలు చెప్పగా విన్నది. నాలుగో పాదంలోనే తన సొంత గొంతు పలుకుతుంది. దీనుల దగ్గర ఉంటాడని కదా విన్నాడు, ఇప్పుడు తనకన్నా దీనుడెవరు? విన్న మాటను తన ఒంటి మీద, తన ప్రాణం మీద పరీక్షించుకుంటున్నాడు. పోతనంతటి భక్తుడు, భాగవతం రాస్తూ, దేవుడు ప్రత్యక్షం కావాల్సిన ఘట్టంలో ఈ సందేహాన్ని దాచలేదు. దాని వల్ల భక్తికి లోటు వస్తుందని భయపడలేదు. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆ వెంటనే ‘కలుగడే నాపాలి కలిమి సందేహింప’ అంటాడు. తర్వాత ‘లావొక్కింతయు లేదు’. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది. అంతవరకు ‘ఎవ్వడు, ఎవ్వడు’ అంటూ ఆయన గురించి మాట్లాడినవాడు, ఇక్కడ ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’ అని నేరుగా ఆయనతోనే మాట్లాడుతున్నాడు. లేడేమో అనుకున్నవాణ్ణే ‘రావే ఈశ్వర’ అని పిలుస్తున్నాడు. ఈ రెండు పద్యాలనూ విడదీసి చదివితే పోతన సగమే దొరుకుతాడు.

వేమనది వేరే దారి. ఉప్పూ కప్పురమూ చూపుకు ఒకటే, రుచి చూడందే తేడా తెలియదంటాడు. ‘చిత్తశుద్ధి లేని శివపూజలేలరా’ అని పూజ చేసేవాడినే నిలదీస్తాడు. ఆయన ఎవరి మాటనూ ఊరికే ఒప్పుకోడు.

ఇక గుర్రం జాషువా. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో అంటరానివాడన్న ముద్ర మోస్తున్న ఒక పేదవాడు తన గోడు శివుడికి చెప్పుకోవాలి. గుడిలోకి అతణ్ణి రానివ్వరు. గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అందుకని దానితో కబురు పంపుతాడు:

ఆలయంబున నీవు వ్రేలాడువేళ
శివుని చెవి నీకు కొంత చేరువుగ నుండు
మౌని ఖగరాజ్ఞి! పూజారి లేనివేళ
విన్నవింపుము నాదు జీవిత చరిత్ర

‘పూజారి లేనివేళ’! ఆ ఒక్క జాగ్రత్తలో ఎన్ని తరాల అనుభవం ఉందో ఆలోచించండి. గజేంద్రుడికి దేవుడు ఉన్నాడా అన్నదే సందేహం; పిలుపు వినబడటానికి మధ్యలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. జాషువా కథానాయకుడికి శివుడు ఉన్నాడు, చెవి కూడా ఉంది. ఆ చెవి దాకా తన మాట పోనివ్వని మనుషులు ఎవరన్నది అతని అన్వేషణ. సత్యం కోసం ఆకాశం వైపు చూసే మన చూపును జాషువా గుడి గడప మీదికి దించాడు. అక్కడ కనిపించేది చూడటానికి మనకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఇక్కడున్న తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. ‘లావొక్కింతయు’ మన పిల్లలకు నోటికి నేర్పుతున్నాం, సంతోషం. దాంతోపాటు ‘కలడందురు’ నేర్పండి, జాషువా పద్యమూ నేర్పండి. ‘పూజారి లేనివేళే ఎందుకు చెప్పమన్నాడు?’ అని పిల్లవాడు అడిగితే, మాట దాటేయకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.