రెండో మనిషి లెక్క
(గుంటూరులో నర్సులు, జూనియర్ డాక్టర్లు, ఫార్మసిస్టుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. రోగికి మందు ఇచ్చేటప్పుడు పొరపాట్లు జరగకుండా ఎలా చూసుకోవాలో మాట్లాడతాను. ఇన్సులిన్‌తో మొదలుపెడతాను.

మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్, అంటే మందు సీసా, ఉంది, 100 యూనిట్లదీ ఉంది. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి. 10 యూనిట్లు ఇవ్వాల్సి ఉండి, 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే రోగికి 25 యూనిట్లు వెళ్తాయి. రక్తంలో చక్కెర పడిపోయి, తెల్లవారేసరికి ఒళ్లంతా చెమటలు, స్పృహ ఉండదు.

అందుకే ఇద్దరు చూడాలంటాం. కానీ "పది లాగాను, చూడండక్కా" అని సిరంజి చూపిస్తే ఆ అక్కకూ పదే కనిపిస్తుంది. ఆ సంతకానికి విలువ లేదు. రెండో నర్సు కేస్‌షీటు తనే తెరవాలి, వయల్ మీద అంకె తనే చదవాలి, ఎన్ని యూనిట్లో తనే చెప్పాలి. సిరంజి చూడటం ఆ తర్వాతే. ప్రతి మాత్రకూ ఇలా చేయమంటే జరిగే పని కాదు, ఉత్త సంతకాలే మిగులుతాయి. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి వాటికి మాత్రం ఏ రాత్రీ వదలకండి.

పొటాషియం క్లోరైడ్ 15 శాతం ఆంపూల్ (చిన్న మందు సీసా) 10 మిల్లీలీటర్లలో దాదాపు 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. పలచన చేయకుండా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపాక బాటిల్‌ని కనీసం 10 సార్లు తలకిందులు చేయాలి. లేకపోతే మందు అడుగున చేరి, మొదట్లోనే గాఢంగా వెళ్లిపోతుంది. చూడ్డానికి ఒకేలా ఉండే డిస్టిల్డ్ వాటర్ ఆంపూళ్ల పక్కన వార్డు ట్రేలో పొటాషియాన్ని పెట్టి, జాగ్రత్తగా ఉండమని నర్సుకు చెప్పడం అన్యాయం. ఫార్మసీయే దాన్ని విడిగా తాళంలో ఉంచాలి.

ఒకే వార్డులో ఇద్దరు నాగేశ్వరరావులు ఉండటం మన జిల్లాలో మామూలే. "నాగేశ్వరరావు గారేనా?" అంటే మగతలో ఉన్నవారు ఎవరైనా తలూపుతారు. "మీ పేరు చెప్పండి బాబాయ్" అని అడిగి, చేతి పట్టీ మీద ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) కేస్‌షీటుతో సరిచూడండి. బెడ్ నంబరును నమ్మొద్దు, బెడ్లు మారుతుంటాయి.

పల్నాడు నుంచి రాత్రిపూట రెఫర్ అయి వచ్చేవాళ్లు మందులన్నీ ఒక క్యారీబ్యాగులో తెస్తారు. కత్తిరించిన స్ట్రిప్పుల మీద పేరుండదు. అక్కడ ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకు ఇచ్చారో పంపిన ఆసుపత్రికి ఫోన్ చేసి, రాసుకున్నాకే మొదటి డోసు ఇవ్వండి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు మాత్రం ఆగకండి, ఒకరు మందు ఇస్తుంటే మరొకరు ఫోన్ చేయాలి.

ఫోన్ ఆర్డర్లలో "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" ఒకేలా వినిపిస్తాయి. "వన్ ఫైవ్" అని విడదీసి చెప్పాలి. విన్నవారు రాసుకుని తిరిగి చదవాలి, డాక్టరు గారు అవునన్నాకే మందు తీయాలి. మళ్లీ అడిగితే సార్ విసుక్కుంటారని భయపడే వార్డులో ఇదేదీ సాగదు. సీనియర్లు రేపటి రౌండ్స్‌లోనే, అందరి ముందూ, "అనుమానం వస్తే రాత్రి రెండింటికైనా నాకు ఫోన్ చేయండి" అని చెప్పాలని నా విన్నపం.