ఎత్తే దాని చేతిలో డబ్బు

అందరికీ నమస్కారం. ఈ కాగితం రాకెట్ చూడండి. కుడి రెక్క వెనక అంచును గోరంత పైకి మడిచాను. విసిరితే కుడికి తిరిగిపోయింది, చూశారుగా. ఇంజిన్ లేకుండా జారుతూ దిగే వాహనాన్ని గమ్యానికి చేర్చడమంటే, ఈ మడతను సెకనుకు ఎన్నోసార్లు సరిచేస్తూ ఉండడమే.

నేనెక్కడున్నాను అన్నది నావిగేషన్. ఇక్కణ్ణుంచి ఏ దారిన పోవాలి అన్నది గైడెన్స్. ఆ దారికి ఒంటిని తిప్పేది కంట్రోల్. పిల్లలు ఎక్కువగా తడబడేది మొదటిదాని దగ్గరే.

వాహనం లోపల, వేగం ఎంత మారుతోందో కొలిచే యాక్సిలరోమీటర్ కొలతలో గురుత్వంలో వెయ్యో వంతు తప్పుందనుకోండి. నిమిషం గడిచేసరికి దాదాపు 18 మీటర్ల తేడా. పది నిమిషాలకు 180 కదా అంటారు. కాదు, 1,800 మీటర్లు! కాలం పదింతలైతే తప్పు నూరింతలు. బస్టాండులో దిగాల్సినవాడు ఊరవతల దిగినట్టు. అందుకే ఉపగ్రహాల సంకేతాలతో మధ్యమధ్యలో దిద్దుకోవాలి. ఆ సంకేతం కాసేపు అందకపోతే లోపలి పరికరాలే నెట్టుకురావాలి. ఈ రెండింటిలో దేన్ని ఎంత నమ్మాలో క్షణక్షణం తేల్చే లెక్కే 1960లో రుడాల్ఫ్ కల్మాన్ ఇచ్చిన ఫిల్టర్. దాన్ని కంఠస్థం చేయకండి, ఒక్కసారి చేత్తో వేసి చూడండి.

ఇస్రో వారి పుష్పక్, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే రెక్కల రాకెట్ వాహనం నమూనా, దాని సంగతి చెబుతాను. 2024 జూన్ 23న చిత్రదుర్గ దగ్గర చినూక్ హెలికాప్టర్ దాన్ని నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున వదిలింది. రన్‌వే ఇంకా అంతే దూరం. పైగా కావాలనే 500 మీటర్లు పక్కకు వదిలారు. తనంతట తానే వరుసలోకి వచ్చి, గంటకు 320 కిలోమీటర్లకు పైగా వేగంతో దిగి, పారాచూట్ విప్పుకుని, నడిమి గీత మీదే నిలిచింది. తప్పితే మళ్లీ చుట్టు తిరిగి వచ్చే వీల్లేదు. ఎత్తే దాని చేతిలో డబ్బు. ముందే ఖర్చయిపోతే రన్‌వే దాకా రాదు, ఎక్కువ మిగిలితే రన్‌వే దాటిపోతుంది. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు గుండె దడదడలాడుతుంది.

ఎదురుగాలి వీస్తే ఆ డబ్బు ఇంకా త్వరగా కరుగుతుంది. మన తిరుపతి-చిత్తూరు రోడ్డులో గాదంకి దగ్గర 1,024 యాంటెన్నాల రాడార్ పైగాలుల్ని కొలుస్తుంది. మీ ప్రాజెక్టులో గాలి వేగం సున్నా అని రాసేముందు ఆ కొలతలు ఒకసారి చూడండి.