ఫలానావారి భార్య

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాద. కానీ నాకు ఇచ్చింది పదిహేను నిమిషాలు. పేర్ల గురించే మాట్లాడబోతూ మీ పేర్లు దాటేస్తున్నాను, క్షమించాలి. అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉందామని ఆక్లాండ్ వచ్చాను. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషినని ఎలా తెలిసిందో ఏమో, న్యూజిలాండ్‌లో ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చిన సెప్టెంబరు 19 గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

మీ పర్సుల్లో పది డాలర్ల నోటు ఉంటే ఒకసారి తీయండి. తీయండమ్మా, చందా అడగను. దాని మీద ఉన్నావిడ కేట్ షెపర్డ్. 1893లో ఆవిడా ఆవిడ తోటివారూ ఊరూరా సేకరించిన అర్జీల్లో అన్నీ కలిపి దాదాపు 32 వేల సంతకాలు. వాటిలో పెద్ద అర్జీ కాగితాలను ఒకదానికొకటి అతికించి, చీపురు కర్ర ముక్కకు చుట్టి పార్లమెంటుకు పంపారు. విప్పితే 270 మీటర్ల పొడవు! ఎగువ సభలో బిల్లు 20–18తో గట్టెక్కింది. సెప్టెంబరు 19న గవర్నరు సంతకం పెట్టారు. ఈ కథ మీ పిల్లలు బడిలో చదువుకునే ఉంటారు.

నేను చెప్పాలనుకున్నది నోటు మీద లేని ఆవిడ సంగతి. పేరు మేరీ ముల్లర్. ఇంగ్లండు నుంచి ఇద్దరు మగపిల్లలను వెంటబెట్టుకుని 1849లో నెల్సన్‌లో ఓడ దిగింది. రెండేళ్ల తర్వాత స్టీఫెన్ ముల్లర్ అనే డాక్టరును పెళ్లాడింది. ఆయనకు మేజిస్ట్రేటు పదవి వచ్చాక కాపురం వైరావు లోయకు, బ్లెన్‌హైమ్‌కు మారింది. చిన్న ఊరు, పెద్ద హోదా. ఆడవాళ్లకు రాజకీయాలేమిటనే రకం భర్త. ఈవిడకేమో అదే ధ్యాస. అందుకని 'ఫెమ్మినా' అనే మారుపేరుతో పత్రికకు రాసేది. నెల్సన్‌లో పత్రిక నడిపే చార్లెస్ ఇలియట్ ఆ రాతలు అచ్చువేసి, గుట్టు కాపాడాడు. 1869లో 'న్యూజిలాండ్ పురుషులకు విజ్ఞప్తి' అని ఒక కరపత్రం వేసింది. షెపర్డ్ గెలుపుకు 24 ఏళ్ల ముందు! ఓటు ఇవ్వండి, పెళ్లయిన ఆడదాని ఆస్తిని మొగుడి ఆస్తిగా లెక్కకట్టే చట్టం మార్చండి అని అడిగింది. అది చదివి ఇంగ్లండు నుంచి పేరుమోసిన తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ అంతటివాడు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు, స్త్రీల పరాధీనత మీద తాను రాసిన పుస్తకమూ పంపాడు. ఆ పుస్తకం ఇంట్లో ఎక్కడ దాచుకుందో అని నాకు ఒకటే ఆలోచన. నేనైతే బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని.

1891లో భర్త పోయాక గాని ఆ ఫెమ్మినా ఈవిడేనని బయటపడలేదు. ఓటు వచ్చేనాటికి బతికే ఉంది. 1901లో పోయింది.

ఇక్కడ ఆగి మా అమ్మ సంగతి చెప్పాలి. తర్వాత మళ్లీ బ్లెన్‌హైమ్ వెళదాం.

మా నాన్నగారు కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరి డాక్టరు. గాజు సిరంజిలు కిరసనాయిలు పొయ్యి మీద మరగబెట్టడం అమ్మ పని. మిక్చరు సీసాలకు మోతాదు తెలిసేలా కాగితం గాట్లుగా కత్తిరించి అన్నం మెతుకుతో అంటించేది. సీసా మీద రోగి పేరు రాసేది. ఊరందరి పేర్లూ ఆవిడ చేతిరాతలో ఉండేవి. ఆవిడ పేరు మాత్రం ఊళ్లో ఒక్కరికీ తెలియదు. డాక్టరమ్మగారు, అంతే. నాన్నగారికైతే 'ఇదిగో'.

1967 ఎన్నికలు. నాకు తొమ్మిదేళ్లు, అమ్మ కొంగు పట్టుకుని బడి వరండాలో వరుసలో నిలబడ్డాను. పోలింగ్ అధికారి చీటీ చూసి పేరు గట్టిగా చదివాడు. ఎవరూ కదల్లేదు. మళ్లీ చదివాడు. అమ్మ కూడా ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది! ఏజెంటు ఒకాయన "డాక్టరుగారి భార్యండీ" అన్నాక అప్పుడు ముందుకు నడిచింది.

నవ్వకండి. నేనూ చాలాకాలం నవ్వాను. స్వతంత్రం వచ్చాక మొదటి ఎన్నికల జాబితాల్లోంచి దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లను తీసేయాల్సి వచ్చింది, తెలుసా? ఫలానావారి భార్యను, ఫలానావారి కూతురిని అన్నారే గాని సొంత పేరు చెప్పలేదు. ఎక్కువమంది ఉత్తరాదివాళ్లే. మా అమ్మ కనీసం జాబితాలో ఉంది.

నాన్నగారు పోయాక ఆ ఆసుపత్రి గదికి ఊరివాళ్లు పలకరాయి వేయించారు. నాన్నగారి పేరు, డిగ్రీ, కింద 'మరియు వారి ధర్మపత్ని'. ఆవిడ పేరు చెక్కించమని ఎంత బతిమాలానో! అక్షరానికింతని కూలి, ఊరికే ఖర్చు దేనికన్నారు. 'ధర్మపత్ని'కి అక్షరాలు లేవా? లెక్కపెట్టి చూపిస్తే, ఈవిడ టీచరమ్మ కదా అని నవ్వి ఊరుకున్నారు.

చీటీ వచ్చింది, సమయం అయిపోయిందట. బ్లెన్‌హైమ్ వెళ్లనే లేదు. రాసుకొచ్చిన కాగితం ఇప్పుడే చూసుకుంటున్నాను. ఇందులో తొమ్మిది చోట్ల 'మా అమ్మ' అని రాశాను. పేరు ఒక్కచోటా లేదు.

మా అమ్మాయి మీకు తలా ఒక తెల్లకాగితం పంచుతుంది. మీ అమ్మమ్మగారి పేరు, నాయనమ్మగారి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా రాసి నాకివ్వండి. గుర్తులేనివాళ్లు బయటికి వెళ్లి ఇండియాకు ఫోన్ చేయండి, అక్కడ ఇంకా పడుకునే వేళ కాలేదు. ఆ పెన్ను ఇటివ్వమ్మా, ముందు నేను రాస్తాను.