ఆకు తెచ్చినవా బిడ్డా? – కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు సలహా ఎలా అడగాలి

నమస్తే. హనుమకొండలో మా మిద్దె మీద నుంచి మాట్లాడుతున్నా. వెనకాల పెయింట్ డబ్బాల్లో కనిపించేవి మిరప మొక్కలు. ఎండ నెత్తి మీదికి రాకముందే ముగించాలి, ఫోన్ ఇప్పటికే వేడెక్కింది.

ఈ మధ్య నాకొచ్చే మెసేజ్‌లు ఇలా ఉంటున్నాయి. "అన్నా, మిద్దె తోట పెడదామనుకుంటున్నా, ఏం చేయాలి?" "అన్నా, మొక్క బాగలేదు, ఏ మందు కొట్టాలి?" "అన్నా, సెకండ్ హ్యాండ్ బండి కొనాలి, ఏది మంచిది?" అంతే, ఇంకేం ఉండదు. అడిగినందుకు నాకు కోపం లేదు, నిజంగా లేదు. "అన్నీ తెలిస్తే నిన్నెందుకు అడుగుతా?" అంటారే, ఆ మాట దగ్గరే నాకు చిర్రెత్తుతుంది. తెలియనోడికి సరిగ్గా అడగడం కూడా రాదని, అది మాలాంటి వాళ్ళే అర్థం చేసుకోవాలని వాళ్ళ లెక్క. సరిగ్గా అడగడానికి తెలివి, అనుభవం అవసరం లేదు, ఒక ఆకు చాలు. ఆకేంటంటారా, చెప్తా.

మొదటిసారి మిరప పెట్టినప్పుడు ఆకులు ముడుచుకుపోయాయి. మన దగ్గర బొబ్బర అంటారు కదా, అది. నేరుగా ఎరువుల దుకాణానికి పోయి "మిరపకు ముడత వచ్చింది, మందియ్యండి" అన్నా. ఆయన రెండు సీసాలు కౌంటర్ మీద పెట్టాడు. పైసలిచ్చా, వచ్చా, కొట్టా, ఏం తేడా లేదు. నాలుగు రోజులాగి మళ్ళీ పోతే అక్కడ నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు, చేతిలో తడి గుడ్డలో చుట్టిన మిరప కొమ్మ. నేను దుకాణాయనతో గొడవకు దిగబోతుంటే ఆ పెద్దాయన నా వైపు తిరిగి, "ఆకు తెచ్చినవా బిడ్డా?" అన్నాడు.

తేలేదు. ఎందుకు తేవాలో కూడా తెలియదు.

ఆయన కొమ్మ విప్పి చూపించాడు. (ఆకును కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి.) ఆకు అంచులు ఇట్లా పైకి లేచి పడవలా అయితే పై ముడత, అది తామర పురుగు పని. తెల్ల కాగితం మీద కొమ్మను దులిపితే సన్నగా గీతల్లా పడి పరిగెడతాయి. అంచులు కిందికి వంగి, ఆకు తిరగేసిన పడవలా అయ్యి, కాడ సాగి ఎలుక తోకలా కనిపిస్తే కింది ముడత, అది నల్లి. ఇక్కడే ఉంది అసలు కథ. నల్లి పురుగే కాదు, సాలీడు జాతిది. పురుగు మందుల్లో చాలావాటికి అది చావదు, కొన్ని కొడితే ఇంకా పెరుగుతుంది కూడా, ఎందుకంటే దాన్ని తినేవి చచ్చిపోతాయి. ఇక ఆకు చిన్నదై, గిడసబారి, మొక్క మొత్తం ఎదగకుండా ఆగిపోతే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ కావచ్చు. దానికి మందే లేదు, పీకేయడమే.

మూడింటికీ జనం నోట ఒకటే మాట, ముడత. నేను ఆ ఒక్క మాట పట్టుకుని పోయా. ఆయన తామర పురుగు మందిచ్చాడు, నాది నల్లి. ఆయన తప్పు ఎంత, నాది ఎంత? నా లెక్కలో సగం సగం, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆకు తెంపి జేబులో పెట్టుకోవడానికి వ్యవసాయం తెలియాల్సిన పని లేదు. దేనికైనా అంతే, బండి శబ్దం చేస్తుంటే మెకానిక్‌తో "ఇంజన్ పోయిందన్నా" అనకండి, అది మీ తీర్పు, ఆకు కాదు. "పొద్దున స్టార్ట్ చేయగానే రాదు, మూడో గేర్లో వస్తది, బ్రేక్ పట్టుకుంటే ఆగుతది", ఇదీ ఆకు. వంటలో ఉప్పు ఎక్కువైందా, ఎంత వేశారో చెప్పండి. కంప్యూటర్ మీద ఎర్రక్షరాల్లో ఏదో వచ్చిందా, "ఏదో ఎర్రర్ వచ్చింది" అనకుండా ఫోటో తీయండి. మీరనుకున్నది తర్వాత, కళ్ళకు కనిపించింది ముందు. ఇప్పటికే ఏమేం చేసి చూశారో కూడా చెప్పాలి, ఎందుకంటే నేను ముందే రెండు సీసాలు కొట్టానని చెప్పకపోయి ఉంటే మూడోది కూడా అదే ఇచ్చేవాడు.

ఆకు తీసుకుపోలేని చోట నోటితో చెప్పాలి. కిసాన్ కాల్ సెంటర్ ఉంది, 2004 నుంచి నడుస్తోంది, 1800 180 1551, పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. అవతలివాళ్ళకు మీ మొక్క కనిపించదు కాబట్టి ఫోన్ చేసే ముందు మొక్క పక్కన నిలబడండి, మంచం మీద పడుకుని చేయకండి. ఎన్ని రోజుల మొక్క, పై ఆకులా కింది ఆకులా, ఎప్పుడు మొదలైంది అని వాళ్ళడిగితే "ఒక్క నిమిషం సార్" అని మెట్లెక్కే బాధ తప్పుతుంది. నేనెక్కా.

సరే, ఇప్పుడు అవతలి పక్క చూద్దాం. ఆకు పట్టుకునే పోయారు, అయినా సలహా పనిచేయలేదు. ఇది కూడా జరుగుతుంది.

సంక్రాంతికి సకినాలు నేర్చుకుందామని మా పెద్దమ్మను అడిగా. నీళ్ళు ఎన్ని పోయాలి పెద్దమ్మా అంటే "పిండే చెప్తది బిడ్డా" అంది. పిండి నాతో మాట్లాడలేదు. బట్ట మీద చుట్టలు తిప్పబోతే నా చేతిలో ఒక్కటీ నిలవలేదు, ముక్కలు ముక్కలు. తర్వాతి రోజు అడగడం మానేసి ఆమె పక్కన కూర్చున్నా. కొంచెం నీళ్ళు చిలకరించింది, చిటికెడు పిండి తీసి వేళ్ళ మధ్య నలుపుతూ దారంలా సాగదీసింది, తెగింది, మళ్ళీ చిలకరించింది. పిండి చెప్పడమంటే అదీ. ఇంకో సంగతి కూడా బయటపడింది. నేను దుకాణంలో పొడి బియ్యప్పిండి ప్యాకెట్ కొన్నా. ఆమె బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వార్చి, తడి మీదే పట్టించింది. మరి చెప్పలేదేం పెద్దమ్మా అంటే, "అది కూడా చెప్పాల్నా?" అని నవ్వింది.

ఇక్కడ తిట్టాల్సింది ఎవరినీ కాదు. నలభై ఏళ్ళు చేసిన పనిలో సగం మనిషి నోటికి రాదు, చేతిలోనే ఉంటుంది. అందుకే పని వచ్చినవాళ్ళను "ఎలా చేయాలి" అని అడిగేకంటే "మీరు చేస్తుంటే చూస్తా, మధ్యలో ఎందుకని అడుగుతా" అనండి. ఇంకో ప్రశ్న కూడా బాగా పనిచేస్తుంది: "నేర్చుకునేటప్పుడు మీకేం చెడిపోయింది?" ఈ ప్రశ్నకు మా పెద్దమ్మ అరగంట మాట్లాడింది, నీళ్ళ లెక్కకు అరనిమిషం కూడా మాట్లాడని మనిషి.

తర్వాత, పది మందిని అడిగితే పది రకాలుగా చెప్తారు, ఎవరిని నమ్మాలి అని అడుగుతుంటారు. మళ్ళీ మిరప దగ్గరికే వస్తా, ఏమనుకోకండి. మొక్కకు నీళ్ళు ఎన్ని రోజులకోసారి అని నల్లరేగడి నేల రైతును అడిగితే ఒకటి చెప్తాడు, చెల్క నేల రైతును అడిగితే ఇంకా ముందే పెట్టాలంటాడు. రేగడి నీళ్ళు పట్టుకుంటుంది, చెల్క పట్టుకోదు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఎవరి నేల వాళ్ళు చెప్పారు. నా పెయింట్ డబ్బా సంగతి ఇద్దరికీ తెలియదు, వేసవిలో దానికి రోజూ పోయాలి. కాబట్టి ఎవరైనా సలహా ఇస్తే "మీది ఏ నేల?" అని అడగండి. జిమ్‌కైనా, జాబ్‌కైనా, ఇంటి లోన్‌కైనా, చెప్పేవాళ్ళ జీతమెంత, ఇంట్లో ఎంతమంది, ఎప్పటి మాట అని.

ఎప్పటి మాట అనేది ముఖ్యం. 2021–22లో వరంగల్, ఖమ్మం వైపు మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. అది పూతలో దూరి కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి ఆకు తిరగేసి చూసిన రైతులు కూడా పువ్వు విప్పి చూడటం అప్పుడు నేర్చుకున్నారు. అంటే అనుభవానికి కూడా ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. ఆ సంవత్సరం జనం పడ్డ బాధ తలుచుకుంటే ఇప్పటికీ మనసు పాడవుతుంది, అది వేరే వీడియో.

(ఫోన్ బ్యాటరీ 9 చూపిస్తోంది, ఫాస్ట్‌గా.)

అమ్మేవాళ్ళ సలహా వినొద్దా? వినండి, దుకాణాయన రోజూ ఎన్నో ఆకులు చూస్తాడు. కాకపోతే ఆయన ఏ జవాబు చెప్పినా చివర సీసా ఉంటుంది. ఏమీ అమ్మనివాళ్ళను కూడా ఒకరిని అడగండి, రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి ఉంటారు, మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. షేర్లలో కొత్తగా దిగేవాళ్ళకు టెలిగ్రామ్ గ్రూపుల్లో సలహాలు వద్దంటే వద్దు. అట్లా మోసపోయి పైసలు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి. ఏఐని అడగొచ్చా అంటే అడగండి, దానికి కూడా ఆకు చూపించాలి, ముడత అని ఒక్క మాట రాస్తే అది కూడా రెండు సీసాలే ఇస్తుంది. ఇంకోటి, సలహా ఇచ్చినవాళ్ళకు తర్వాత ఏమైందో చెప్పండి. ఎవరూ చెప్పరు! ఆ పెద్దాయన కనిపిస్తే చెప్దామని నేను ఆ దుకాణం వైపు పోయినప్పుడల్లా చూస్తా, మళ్ళీ కనిపించలేదు.

ఆ చివరి డబ్బా చూడండి. కింది ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉన్నాయి, మధ్యలో పసుపు పచ్చ. పై ఆకులు బాగానే ఉన్నాయి, పురుగు కనిపించలేదు, కాగితం మీద దులిపి కూడా చూశా. మొదలై ఆరు రోజులు. ఏంటో నాకు తెలియదు. రెండు ఆకులు తెంపి, తడి గుడ్డలో చుట్టి, ఇదిగో ఈ టిఫిన్ డబ్బాలో పెట్టా, మామునూరు పోతున్నా, బండి తాళాలు ఎక్కడ పె